శ్రీలంకలో ఏ ఊళ్లు చూడాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీలంక ప్రయాణం అనుకోగానే చాలామంది ముందుగా తయారుచేసేది ఊళ్ల జాబితా. కొలంబో, క్యాండీ, సిగిరియ, నువర ఎలియ, ఎల్లా, ట్రింకోమలీ, గాలె, వీలైతే జాఫ్నా. ఆ జాబితాను ఆరు రోజుల సెలవులో సర్దమని అడుగుతారు. అది సర్దుబాటు కాదు. ఏ ఊరు తీసేయాలో, ఏది ఎందుకు ఉంచాలో తేల్చుకోవడానికి ఈ జవాబులు.

చిన్న దేశమే కదా, వారంలో మొత్తం చుట్టిరాలేమా?

రాలేరు. శ్రీలంక విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగం కంటే కాస్త ఎక్కువ. పటం చూసి మోసపోయేది ఇక్కడే. దేశం నడిమధ్యన కొండలున్నాయి, దారులన్నీ వాటిని చుట్టుకుంటూ పోతాయి. కొలంబో నుంచి క్యాండీకి దాదాపు 115 కిలోమీటర్లే అయినా రోడ్డు మీద మూడు నుంచి నాలుగు గంటలు పడుతుంది. క్యాండీ నుంచి నువర ఎలియ ఎనభై కిలోమీటర్ల లోపే, అయినా రెండున్నర గంటలకు తక్కువ కాదు. దారిలో తేయాకు తోట కనిపించినచోటల్లా ఇంట్లోవాళ్లు బండి ఆపమంటారు, అది వేరే లెక్క.

ఎక్స్‌ప్రెస్‌వేలు మాత్రం వేరు. కొలంబో నుంచి గాలె, మాతర మీదుగా హంబన్‌తోట వైపు పోయే దక్షిణ ఎక్స్‌ప్రెస్‌వే మీద బండి నిజంగానే పరుగెడుతుంది. మిగతా దేశమంతటా గంటకు 30 నుంచి 40 కిలోమీటర్లే అని లెక్క వేసుకుని, ఆ తర్వాతే పటం మీద గీతలు గీయండి.

మరి ఎన్ని ఊళ్లు పెట్టుకోవాలి?

ఊళ్లను కాదు, మకాంలను లెక్కపెట్టండి. రాత్రి పడుకునే చోటు మకాం, అక్కడి నుంచి పగలు వెళ్లివచ్చేవి ఊళ్లు. విమానం దిగిన రాత్రి, ఎక్కే ముందు రాత్రి పడుకునే చోటు కాక, వారానికి మూడు మకాంలు, పది రోజులకు నాలుగు. అంతకు మించితే సెలవు మొత్తం పెట్టెలు కట్టడంలోనే గడిచిపోతుంది. మకాం మారిన ప్రతిసారీ గది ఖాళీ చేయడం, ప్రయాణం, కొత్త గది కోసం మధ్యాహ్నం రెండింటి దాకా ఎదురుచూడడం, వీటన్నింటికీ కలిపి కనీసం సగం రోజు పోతుంది.

మకాంను తెలివిగా ఎంచుకుంటే ఒకే ఊరు నాలుగు ఊళ్ల పని చేస్తుంది. సిగిరియ, హబరణ ప్రాంతంలో దిగితే సిగిరియ కొండ, దంబుల్ల గుహలు, పొలొన్నరువ శిథిలాలు, మిన్నేరియ ఏనుగులు అన్నీ గంట, గంటన్నర దూరంలోనే ఉంటాయి. గాలెలో ఉంటే ఉనవటున, కొగ్గల, వెలిగమ, మిరిస్సా ఒకే తీరం వెంట వరుసగా వస్తాయి. అనురాధపురం ఒక్కటే కాస్త ఎడంగా ఉంటుంది. శ్రీమహాబోధి వృక్షం, రువన్వెలిసాయ స్తూపం మీద ప్రత్యేకమైన మక్కువ ఉంటే దానికి ఒక రోజు కేటాయించండి.

ఏ నెలలో ఏ తీరానికి వెళ్లాలి?

అన్నింటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే, అందరూ ఆఖరున అడిగేదీ ఇదే. శ్రీలంకకు రెండు రుతుపవనాలు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు పడమర, దక్షిణ తీరాలను, కొండల పడమటి వాలును తడుపుతాయి. ఆ నెలల్లో మిరిస్సా దగ్గర సముద్రం పొంగుతూ ఉంటుంది, తిమింగలాలను చూపించే పడవలు దాదాపుగా ఆగిపోతాయి. సరిగ్గా అప్పుడే కొండలకు అవతల ట్రింకోమలీ, పాసికుడ, అరుగంబే తీరాల్లో ఎండ కాస్తూ నీళ్లు నిలకడగా ఉంటాయి. డిసెంబరు వచ్చేసరికి కథ తిరగబడుతుంది. ఈశాన్య గాలులు తూర్పును, ఉత్తరాన్ని తడిపితే దక్షిణ తీరం తేటపడుతుంది. అక్టోబరు, నవంబరు నెలలు రెండింటికీ నడుమ సంధికాలం. మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన ఎక్కడైనా పడవచ్చు, బంగాళాఖాతంలో తుఫాన్లు పుట్టే కాలం కూడా అదే.

దీన్ని మన సెలవులకు అన్వయించుకుందాం. సంక్రాంతికి వెళ్లేవారికి గాలె, మిరిస్సా, ఎల్లా. జనవరిలో తూర్పు తీరం ఇంకా ముసురు పట్టి ఉండవచ్చు. పిల్లల వేసవి సెలవుల్లో, అంటే మే నెలలో వెళ్లేవారు దక్షిణ తీరాన్ని వదిలేసి సిగిరియ మీదుగా ట్రింకోమలీకి వెళ్లాలి. దసరాకు వెళ్లేవారు సముద్రం మీద ఆశ పెట్టుకోకుండా సిగిరియ, పొలొన్నరువ, క్యాండీ చూసుకుని, తీరం దక్కితే లాభం అనుకోవాలి. ఏప్రిల్ 13, 14 తేదీల్లో సింహళ, తమిళ సంవత్సరాది వస్తుంది. ఆ రోజుల్లో దుకాణాలు మూతపడతాయి, నువర ఎలియలో గదుల ధరలు మండిపోతాయి.

కొలంబోలో ఎన్ని రాత్రులు ఉండాలి?

ఒకటి చాలు. సున్నా అయినా తప్పులేదు. అంతర్జాతీయ విమానాశ్రయం కొలంబోలో లేదు, నగరానికి ముప్పై కిలోమీటర్ల ఉత్తరాన కటునాయకలో ఉంది. దాని పక్క ఊరు నెగొంబో. రాత్రి పొద్దుపోయాక దిగేవారు నెగొంబోలో పడుకుని, తెల్లవారగానే నేరుగా సిగిరియ దారి పట్టడం మేలు. పేట్ట బజారు, గాల్ ఫేస్ మైదానం, గంగారామయ ఆలయం చూడాలనుకుంటే తిరుగు ప్రయాణంలో చూడవచ్చు.

సిగిరియ కొండ పెద్దవాళ్లు ఎక్కగలరా?

మోకాళ్లు బాగుంటే ఎక్కగలరు. మెట్లు సుమారు 1,200, చివరి భాగం ఇనుప మెట్లు, పక్కన లోయ. ఉదయం తెరవగానే, అంటే ఏడింటి లోపే గేటు దగ్గర ఉండాలి. తొమ్మిది దాటితే రాయి కాలుతుంది, ఇనుప మెట్ల మీద జనం గుమిగూడి ఒక్కో అడుగే కదులుతుంది. అయిదో శతాబ్దంలో తండ్రి ధాతుసేనుణ్ని చంపి గద్దెనెక్కిన కశ్యపుడు ఈ కొండ మీద కోట కట్టుకున్నాడు. సగం దారిలో ఒక గుహలో అప్సరసల కుడ్యచిత్రాలున్నాయి, వాటిని ఫోటో తీయనివ్వరు. ఇంకొంచెం పైన ఇటుకలతో కట్టిన రెండు సింహపు పంజాలు. మనిషి ఆ గోళ్ల పక్కన నిలబడితే పసిపిల్లవాడిలా కనిపిస్తాడు. కందిరీగలు ఉన్నాయి, నిశ్శబ్దంగా ఉండండి అన్న బోర్డును తమాషా అనుకోకండి. పట్లు నిజంగానే ఉన్నాయి.

ఎక్కలేనివారిని గదిలో వదిలేయనక్కర్లేదు. దంబుల్ల గుహాలయానికి మెట్లు సిగిరియ కంటే చాలా తక్కువ. పొలొన్నరువ అయితే చదును నేల, బండిలోనే ఒక్కో చోటికీ వెళ్లవచ్చు. అక్కడి గల్ విహారంలో ఒకే గ్రానైటు బండలోంచి చెక్కిన శయన బుద్ధుడి తలకింది దిండు చూడండి. తల బరువుకు దిండు నొక్కుకుపోయిన గుంటను కూడా శిల్పి రాతిలో చూపించాడు. నన్నడిగితే ఈ దేశంలో సమయం చాలక ఒక్కటే శిథిల నగరం చూడాల్సి వస్తే అది పొలొన్నరువే.

సిగిరియ, పొలొన్నరువ టికెట్లు విదేశీయులకు ఖరీదే. మన దేశంతో సహా సార్క్ కూటమి దేశాలవారికి రాయితీ ఉంది, కాని పాస్‌పోర్టు చూపించాలి. దాన్ని గదిలో దాచి బయలుదేరితే పూర్తి ధర కట్టాల్సిందే.

క్యాండీని వదిలేయవచ్చా? రద్దీ ఊరు అంటున్నారు.

రద్దీ నిజమే, సరస్సు చుట్టూ వాహనాల పొగ కూడా నిజమే. అయినా తెలుగువారు వదిలేయకూడదంటాను. బుద్ధుడి దంతం ఉందని కొలిచే దంతాలయంలో సాయంత్రం పూజ వేళకు వెళ్లండి. కింద డోలు వాద్యాలు మోగుతుంటే, కలువపూలు పట్టుకున్న భక్తులు చెక్క మెట్లెక్కి పైఅంతస్తులో వరుస కడతారు. దంతం కనిపించదు. దాన్ని దాచిన బంగారు మంజూష ఒక్కటే, అదీ కొన్ని క్షణాలపాటు కనిపిస్తుంది. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి.

తెలుగువారికి ప్రత్యేకంగా ఎందుకంటే, 1739 నుంచి 1815 దాకా క్యాండీని ఏలిన చివరి నలుగురు రాజులు మదురై నాయకుల బంధువర్గం, తెలుగు మూలాలున్న కుటుంబాలవారు. చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహ. ఆలయం ముందున్న సరస్సును 1807లో తవ్వించింది ఆయనే. 1815లో ఆంగ్లేయులు ఆయనను పట్టుకుని వేలూరు కోటకు పంపారు, 1832లో అక్కడే కన్నుమూశాడు. సమాధి పాలారు ఒడ్డున ఉంది. మన చిత్తూరు నుంచి గంట ప్రయాణం, కాని క్యాండీ చూసివచ్చినవారు కూడా అటు వెళ్లరు.

జూలై, ఆగస్టు నెలల్లో దంతాలయ ఉత్సవమైన ఎసల పెరహర ఊరేగింపులు జరిగే రోజుల్లో గది దొరకడం కష్టం. చూడాలనుకుంటే నెలల ముందే పట్టుకోండి. వద్దనుకుంటే ఆ పది రోజులూ క్యాండీ ఛాయలకు పోకండి.

నువర ఎలియనా, ఎల్లానా?

రెండూ పెట్టుకోకండి. తల్లిదండ్రులతో వెళ్తే నువర ఎలియ, స్నేహితులతో అయితే ఎల్లా.

నువర ఎలియ 1,868 మీటర్ల ఎత్తున ఉంది. ఉష్ణమండల దేశం కదా అని పలచని బట్టలతో వెళ్లినవారు రాత్రి దుప్పట్లు అడుక్కుంటారు. తెల్లవారుజామునే హోర్టన్ మైదానానికి బయలుదేరితే ‘ప్రపంచపు అంచు’ అనే కొండకొమ్ము దగ్గర లోయ కనిపిస్తుంది. తొమ్మిది, పది గంటలకల్లా మంచు కమ్మేసి తెల్లటి గోడ తప్ప ఏమీ మిగలదు. అక్కడ నడక తొమ్మిది కిలోమీటర్ల దాకా ఉంటుంది, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

ఎల్లా చిన్న ఊరు. ఒకే వీధి, వీధి పొడుగునా కాఫీ హోటళ్లు. తొమ్మిది కమాన్ల రైలు వంతెన దగ్గర ఫోన్లు పట్టుకున్న జనం రైలు కంటే ముందే చేరి ఉంటారు. చిన్న శ్రీపాద కొండ నడక మాత్రం హాయిగా ఉంటుంది. గంటలోపే పైకి చేరవచ్చు, పిల్లలు కూడా నడుస్తారు.

క్యాండీ నుంచి ఎల్లా రైలు గురించి అందరూ చెబుతారు. అంత బాగుంటుందా?

బాగుంటుంది, కాని ఆరేడు గంటలు. నిలబడి వెళ్తే మూడో గంటకే అందం కరిగిపోతుంది. రిజర్వేషన్ నెల రోజుల ముందు తెరుస్తారు, సీట్లు చూస్తుండగానే అయిపోతాయి. ఏసీ మొదటి తరగతి కిటికీలు తెరుచుకోవు కాబట్టి రెండో తరగతే మేలు. నువర ఎలియ దగ్గరి నాను ఓయ స్టేషను నుంచి ఎల్లా దాకా మాత్రమే ఎక్కడం మంచి రాజీమార్గం. చూడదగ్గ భాగం చాలావరకు అందులోనే వస్తుంది, మూడు గంటల్లో ముగుస్తుంది.

ఒక హెచ్చరిక. 2025 నవంబరు చివర వచ్చిన దిత్వా తుఫానుకు కొండచరియలు విరిగిపడి ఈ మార్గం బాగా దెబ్బతింది. ఏ భాగంలో రైలు నడుస్తోందో గది బుక్ చేసే ముందే కనుక్కోండి. రైలు లేకపోతే ఎల్లాను పట్టుకుని వేలాడాల్సిన అవసరం లేదు.

రామాయణ స్థలాలన్నీ ఒకే యాత్రలో చూడవచ్చా?

అలా చూపిస్తామని చెప్పే ప్యాకేజీలు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం బస్సు కిటికీలోంచి చూసే రామాయణమే. ఇవి స్థానిక విశ్వాసం మీద నిలిచిన చోట్లు, పురావస్తు ఆధారాల కోసం వెతకకండి. దారిలో తగిలినవాటిని చూడండి. నువర ఎలియకు అయిదారు కిలోమీటర్లలో సీతా ఎలియ ఉంది. వాగు ఒడ్డున సీతమ్మ గుడి, వాగులో బండ మీద హనుమంతుడి పాదముద్రలని చెప్పే గుంటలు. పక్కనే హక్గల ఉద్యానం, అదే అశోకవనమని నమ్మిక. ఎల్లా దగ్గర రావణ జలపాతం రోడ్డు పక్కనే ఉంటుంది. వీటికోసం ప్రత్యేకంగా మకాం అక్కర్లేదు.

శాంకరీదేవి శక్తిపీఠం ఎక్కడ? దర్శనానికి ఎన్ని రోజులు?

అష్టాదశ శక్తిపీఠాల్లో మొదటిదిగా మనవాళ్లు చెప్పుకునే శాంకరీదేవి స్థానం ట్రింకోమలీలో ఉంది. తమిళులు ఆ ఊరిని తిరుకోణమలై అంటారు. కోణేశ్వర ఆలయం సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ కొమ్ము మీద ఉంటుంది. ప్రాచీన ఆలయాన్ని 17వ శతాబ్దంలో పోర్చుగీసువారు కూలగొట్టారు, ఇప్పుడున్నది 20వ శతాబ్దంలో తిరిగి కట్టినది. కోట గేటు దాటి గుడికి నడిచే దారిలో చుక్కల జింకలు మనుషులంటే భయం లేకుండా కొబ్బరి చిప్పల కోసం దగ్గరికి వస్తాయి.

కొలంబో నుంచి ఒక్క రోజులో వెళ్లి రావాలని చూడకండి, పోను ఆరు గంటలు. హబరణ నుంచి రెండు గంటల ప్రయాణమే కాబట్టి సిగిరియ మకాం నుంచి ఉదయం వెళ్లి సాయంత్రానికి రావచ్చు. మే నుంచి సెప్టెంబరు మధ్య అయితే అక్కడే రెండు మూడు రాత్రులు ఉండి, ఉప్పువెలి, నిలావెలి తీరాల్లో స్నానం చేసి, కన్నియ వేడినీటి బావులు కూడా చూడండి.

జాఫ్నా?

పది రోజులకు పైగా ఉంటేనే. లేదా చెన్నై నుంచి జాఫ్నాకు నేరుగా విమానం దొరికితే అక్కడే యాత్ర మొదలుపెట్టి దక్షిణానికి దిగండి. కొలంబో నుంచి దాదాపు 400 కిలోమీటర్లు. నల్లూరు కందస్వామి ఆలయంలో మగవారు చొక్కా విప్పి వెళ్లాలి. ఊరంతా సైకిళ్లు, తాటిచెట్లు, 1981లో తగలబడి మళ్లీ లేచిన గ్రంథాలయం. మిగతా శ్రీలంకతో పోలికే లేని ఊరు, అందుకే తొందరపడి చూడకూడదు.

దక్షిణ తీరంలో ఏ ఊరు?

గాలె. పగలు బీచ్‌లు తిరిగినా రాత్రి కోట లోపల పడుకోండి. పోర్చుగీసువారు మొదలుపెట్టి డచ్చివారు 17వ శతాబ్దంలో రాతిగోడలతో బిగించిన ఆ కోట 2004 సునామీలో లోపలి ఇళ్లను చాలావరకు కాపాడింది. సాయంత్రం ఆ గోడ మీద నడిస్తే ఒకవైపు సముద్రం, ఇంకోవైపు క్రికెట్ మైదానం. మ్యాచ్ ఉన్న రోజు టికెట్ లేకుండానే కోట మీది నుంచి చూసేవారు కనిపిస్తారు. కోట లోపల గదులు ఖరీదు అనిపిస్తే ఉనవటునలో దిగండి, ఆటోలో పావుగంట. మిరిస్సా తిమింగలాల కోసం, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. పడవ తెల్లవారుజామున బయలుదేరుతుంది, వాంతుల మాత్ర అంతకుముందే వేసుకోవాలి. పిల్లల్ని సముద్రంలోకి దింపేముందు హోటలువారిని అడగండి. పైకి ప్రశాంతంగా కనిపించే చోట కూడా అడుగున లాగేసే ప్రవాహాలుంటాయి.

పులులు, ఏనుగులు?

ఒక్క అడవి చాలు. చిరుతపులి ఆశ ఉంటే యాల, ఏనుగులు తప్పక కనిపించాలంటే ఉదవలవె. యాలలో జీపుల వరుస చూస్తే విసుగొస్తుంది, చిరుత కనిపిస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. ఆగస్టు, సెప్టెంబరుల్లో సిగిరియ వైపు ఉంటే మిన్నేరియ చెరువు ఎండి బయటపడిన గడ్డి మీదికి ఏనుగులు మందలు మందలుగా వస్తాయి. అప్పుడు దక్షిణపు అడవులు అక్కర్లేదు.

శాకాహారులకు ఏ ఊళ్లో ఇబ్బంది?

ఎక్కడా పస్తు ఉండరు, కాని కళ్లు తెరుచుకుని తినాలి. అన్నం, పప్పు, మూడు నాలుగు కూరలు, ఆకుకూర కొబ్బరితో కలిపిన మల్లుం, ఇవి ప్రతిచోటా ఉంటాయి. చిక్కంతా కొబ్బరి పచ్చడి పొల్ సంబోల్‌తో. అందులో మాల్దీవుల ఎండు చేపను పొడిచేసి కలుపుతారు. దాన్ని ఉంబలకడ అంటారు. మాంసం వద్దు అని చెబితే సరిపోదు, ఉంబలకడ వద్దు అని ఆ పేరుతోనే చెప్పాలి. చేపను వాళ్లు కూరలో రుచికి వేసే దినుసుగానే చూస్తారు. జాఫ్నా, ట్రింకోమలీ ఊళ్లలోనూ, కొలంబోలోని వెళ్లవత్తెలోనూ ‘సైవ’, అంటే శాకాహారం, అని రాసిన హోటళ్లున్నాయి, అక్కడ అనుమానం అక్కర్లేదు. ఉదయం ఇడియాప్పం, ఆప్పం అన్ని ఊళ్లలోనూ దొరుకుతాయి. దారి పక్కన మట్టి ముంతల్లో అమ్మే గేదె పెరుగును జీలుగు చెట్టు పాకంతో తినకుండా రాకండి. వెలగపండు రసం మనవారు వినాయక చవితికి తప్ప తలచుకోని పండుతో చేసేదే, అక్కడ రోజూ తాగుతారు.

అక్కడ తెలుగు మాట్లాడేవారున్నారా?

ఉన్నారు. అహికుంటక అనే పూర్వపు సంచార సమాజం ఇంట్లో ఒక రకం తెలుగు మాట్లాడుతుంది. అనురాధపురం జిల్లాలోనూ తూర్పున అంపార జిల్లాలోనూ వారి గ్రామాలున్నాయి. అవి చూడదగ్గ ప్రదేశాల జాబితాలో చేర్చేవి కావు. తెలిసినవారు వెంట ఉంటే వెళ్లండి, లేకపోతే వద్దు. మిగతా చోట్ల ఇంగ్లీషుతో గడిచిపోతుంది. తేయాకు తోటల్లో, ఉత్తరాన, తూర్పున తమిళం ముక్కలు వస్తే మర్యాద పెరుగుతుంది.

బండి మాట్లాడుకోవాలా, బస్సులు చాలా?

నలుగురుంటే డ్రైవరుతో బండి, ఇద్దరుంటే రైలు, బస్సు, ఆటో. బండి మాట్లాడుకునేటప్పుడు డ్రైవరు బస, భోజనం ఎవరిదో ముందే తేల్చుకోండి. సుగంధద్రవ్యాల తోట, రత్నాల దుకాణం, నగిషీ చెక్కల షాపు దగ్గర ఆపుతానంటే మర్యాదగా వద్దనండి. ఆ మూడింటికీ పోయే సమయంతో ఒక ఊరు చూడవచ్చు.

పున్నమి రోజు ప్రయాణం పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. ప్రతి పున్నమి అక్కడ పోయ, ప్రభుత్వ సెలవు. మద్యం అమ్మరు, కొన్ని దుకాణాలు మూసేస్తారు, ఆలయాలు తెల్లబట్టల భక్తులతో నిండిపోతాయి. ఆ రోజు అనురాధపురంలో గానీ క్యాండీలో గానీ ఉండేలా చూసుకోండి. ప్రయాణానికి మాత్రం ముందురోజు మంచిది, పోయ నాడు బస్సులు కిక్కిరిసి ఉంటాయి.

సరే, ఊళ్ల వరుస చెప్పేయండి.

డిసెంబరు నుంచి మార్చి దాకా, ఎనిమిది రాత్రులకు: నెగొంబో ఒకటి, సిగిరియ రెండు, క్యాండీ ఒకటి, ఎల్లా లేదా నువర ఎలియ రెండు, గాలె రెండు. గాలె నుంచి ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా విమానాశ్రయానికి మూడు గంటలు. కొలంబో శివార్ల రద్దీకి ఇంకో గంట చేర్చుకోండి.

మే నుంచి సెప్టెంబరు దాకా, ఏడు రాత్రులకు: సిగిరియ రెండు, ట్రింకోమలీ మూడు, తిరుగు దారిలో క్యాండీ రెండు. ఆఖరి రోజు విమానం మధ్యాహ్నం లోపే ఉంటే క్యాండీలో ఒక రాత్రి తగ్గించి దాన్ని నెగొంబోకు ఇవ్వండి. కొండ దారిలో ఒక్క లారీ అడ్డం పడినా క్యాండీ నుంచి తెల్లవారుజామున బయలుదేరినవారికి విమానం అందదు.